ట్రక్కు వెనక రెండు ఎర్ర దీపాలు



పోయిన ఏడాది సంక్రాంతి వెళ్ళిన పది రోజులకు, ఒక రాత్రి సత్తెనపల్లి నుంచి మా ఊరికి మోటారు సైకిలు మీద వస్తున్నాను. వెన్నెల లేదు. ఎవరో చేలో చెత్తకు నిప్పు పెట్టారు, ఆ పొగ రోడ్డు మీద పలచగా పరుచుకుని ఉంది. మొదట నా ముక్కుకు ఎండుగడ్డి వాసన తగిలింది. ఈ వేళప్పుడు రోడ్డు మధ్యలో గడ్డి వాసన ఏమిటా అనుకునే లోపలే హెడ్‌లైటు వెలుగులో ఎదురుగా ఒక గోడ లేచింది. గోడంతా గడ్డే. బ్రేకు మీద నిలబడ్డాను. బండి పక్కకు జారి మార్జిన్ మట్టిలో ఆగింది. నాకేమీ కాలేదు, హెల్మెట్ నిండా గడ్డిపోచలు తప్ప.

ట్రాక్టర్ మీద నుంచి ఒక మనిషి దిగి, "ఎవడ్రా అది, కళ్ళు కనపడవా!" అంటూ వచ్చాడు. తీరా చూస్తే మా బావ. నన్ను గుర్తుపట్టి గొంతు తగ్గించాడు. "చూసుకుని రావద్దట్రా బామ్మర్దీ?" అన్నాడు.

"చూడటానికి నువ్వు కనపడాలి కదా బావా."

"అదేంట్రా, లైట్లు రెండూ వెలుగుతానే ఉన్నాయిగా!" అని ముందుకు చెయ్యి చూపించాడు. నిజమే, ముందు రెండూ కాంతులు చిమ్ముతున్నాయి. ఆయనకు రోడ్డు చక్కగా కనపడుతోంది. ఆయన ఎవరికీ కనపడటం లేదు. ఆ రెండూ వేరు వేరు సంగతులని ఆయనకు ఆ నిమిషం దాకా తట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అంతకు ముందు తట్టలేదు.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ ట్రక్కుకు మేమిద్దరం ఇంట్లో కూర్చుని లైట్లు ఎలా కట్టుకున్నామో ఆ సంగతి. మా వైపు ట్రక్కు అంటాం, మీరు ట్రాలీ అనొచ్చు, తొట్టి అనొచ్చు. ట్రాక్టర్ వెనక పిన్ను వేసి తగిలించే బండి అన్నమాట. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, కొన్నాళ్ళు మోటార్ల వైండింగ్ చేసి, ఆ తర్వాత సేద్యంలోకి వచ్చినవాణ్ణి. అంటే పని సగం తెలుసు, మిగతా సగం తెలుసనుకున్నాను. ఆ రెండో సగం ఎలా బయటపడిందో కూడా చెబుతాను.

ముందు ఒక చిన్న లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ఎదురుగా ఏదో ఉందని కన్ను పట్టి, బుర్రకు ఎక్కి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర పోతుంది. అంటే 25 మీటర్లు ఊరికే వెళ్ళిపోయాయి. బ్రేకు పడ్డాక బండి ఆగడానికి ఇంకో 20, 25 మీటర్లు కావాలి. మొత్తం 50 మీటర్లు అనుకోండి. మోటారు సైకిలు హెడ్‌లైటు డిమ్‌లో ఉన్నప్పుడు, దీపం లేని మసక వస్తువు కంటికి ఆనేది కూడా ఇంచుమించు అంత దూరంలోనే. ఇక ఎదురుగా లారీ లైట్లు కొడుతుంటే ఆ కాస్తా కూడా ఉండదు. ఆగి ఉన్న ట్రక్కు విషయంలో ఆలస్యానికి చోటే లేదు. నేను బతికి బయటపడింది గడ్డి వాసన వల్లే. మిరప టిక్కీల లోడయితే ఘాటన్నా వచ్చేది. ఇసుక లోడయి ఉంటే ఏ వాసనా వచ్చేది కాదు.

మరి కొత్తగా కొన్నప్పుడు ట్రక్కుకు లైట్లు ఉండవా అంటే ఉంటాయి. మా బావ ట్రక్కుకూ ఉండేవి. మొదటి సీజన్‌లోనే ఒకటి గోడకు గీసుకుని పగిలింది. రెండోదానిలో బల్బు పోయింది, మారిస్తే మళ్ళీ పోయింది. పాతకాలపు బల్బులో వెలిగేది జుట్టంత సన్నని తీగ, ఫిలమెంటు. స్ప్రింగులు లేని ఆ బండి చేలగట్ల మీద ఎగిరెగిరి పడుతుంటే ఆ తీగ ఎన్నాళ్ళని ఉంటుంది? తర్వాత ఎలుకలు వైర్లు కొరికాయి. మిగిలిన ముక్కను ఎవరో గడ్డిమోపు కట్టుకోవడానికి కోసుకుపోయారు. ఇది ఒక్క మా బావ కథ కాదని, ఏ ఊళ్ళో అయినా చావిట్లో నిలబెట్టిన ట్రక్కుల వెనక్కి వెళ్ళి చూస్తే తెలుస్తుంది.

ఎల్‌ఈడీలో ఆ ఫిలమెంటు లేదు. ఆవగింజంత చిన్న పలుకు, దాని మీద ప్లాస్టిక్ ముద్ద. కుదుపుకు తెగడానికి అందులో ఏమీ లేదు. ట్రక్కుకు ఎల్‌ఈడీ అనడానికి నా దృష్టిలో మొదటి కారణం ఇదే, కరెంటు ఆదా తర్వాతి మాట. రెండోది వేగం. బల్బు తీగ కాగి ఎర్రబడి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఎల్‌ఈడీ నొక్కగానే వెలుగుతుంది. ఆ ఐదో వంతులో వెనక బండి మూడు మీటర్లకు పైగా దగ్గరకొచ్చేస్తుంది. బ్రేకు లైటు విషయంలో మూడు మీటర్లంటే తక్కువేం కాదు.

కాస్త పక్కకు వెళ్తాను. 2015 జనవరిలో ఉజాలా పథకం వచ్చాక ఎల్‌ఈడీ బల్బు ఎరగని ఇల్లు లేదు. దాంతో ఇది నిన్న మొన్నటి వస్తువనుకుంటాం. కంటికి కనపడే ఎర్రటి వెలుగునిచ్చే ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ అనే అమెరికా శాస్త్రవేత్త 1962లోనే తయారు చేశాడు. ఎరుపు అలా ముందు వచ్చేసింది. ప్రకాశవంతమైన నీలం రావడానికి మాత్రం మరో 30 ఏళ్ళు పట్టింది. అది సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికీ 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. మన ఇళ్ళల్లో తెల్లగా వెలిగేవన్నీ నిజానికి నీలం ఎల్‌ఈడీలే, పైన పసుప్పచ్చని పూత ఉంటుంది. మనకెందుకీ గొడవంటే, ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు చాలు, తెల్లదానికి 3 వోల్టుల పైన కావాలి. ఈ తేడా ట్రాక్టర్ మీద బాగా ఆడుతుంది. ఎలాగో కాసేపట్లో చెబుతాను.

మొదట మేము ఒక నిర్ణయానికి వచ్చాం. బ్రేకు లైట్లు, ఇండికేటర్లు సొంతంగా చెయ్యొద్దు, తయారైనవి కొనుక్కుందాం అని. నేను పనిమంతుణ్ణే కావచ్చు గానీ, ఎంత వెలుగు, ఏ కోణంలో అన్నదానికి వాటికి ప్రమాణాలున్నాయి, పరీక్షించి ముద్ర వేస్తారు. వెనకవాడు వాటిని చూసే నిర్ణయం తీసుకుంటాడు. అక్కడ నా పనితనం చూపించుకోవడం తగదు. ఇంట్లో చేసుకునేవి వేరే ఉన్నాయి. ట్రక్కు అంచులు తెలిసేలా వెనక రెండు మూలలా నిలువుగా ఎర్ర పట్టీలు, నంబరు ప్లేటు మీదకు ఒక చిన్న తెల్ల దీపం, రాత్రిపూట లోడు ఎత్తుకోవడానికి తొట్టి లోపల ఒక తెల్ల పట్టీ. తయారైన లాంపు పాడైపోయిన రోజున కూడా ఆ ఎర్ర పట్టీలు అండగా ఉంటాయి.

పట్టీ అంటే దుకాణాల్లో ఐదు మీటర్ల చుట్టగా దొరికే ఎల్‌ఈడీ స్ట్రిప్పు. పండక్కి, పెళ్ళికి వాడే 230 వోల్టుల సీరియల్ సెట్టు కాదు, దాన్ని ట్రాక్టర్ దగ్గరకు రానివ్వకండి. 12 వోల్టులది అడగాలి. మీటరుకు 60 దీపాలుండే సన్నరకం పట్టీ మీటరుకు దాదాపు 5 వాట్లు తీసుకుంటుంది. దాన్ని ఎక్కడ పడితే అక్కడ కొయ్యకూడదు. మూడు దీపాలూ ఒక రెసిస్టరూ కలిపి ఒక జట్టు, జట్టుకూ జట్టుకూ మధ్య కత్తెర గుర్తు ఉంటుంది, అక్కడే కొయ్యాలి. మూలకు 30 సెంటీమీటర్ల చొప్పున రెండు ముక్కలు కోశాం. రెండూ కలిపి 3 వాట్ల లోపే. పాత బ్రేకు బల్బు ఒక్కటే 21 వాట్లు.

ఇప్పుడు ఆ వోల్టుల సంగతి. కాగితం అక్కర్లేదు, నోటి లెక్కే. బ్యాటరీ మీద 12 అని రాసి ఉంటుంది గానీ, నిండుగా ఉన్న బ్యాటరీ ఇంజను ఆపి ఉన్నప్పుడే 12.6 చూపిస్తుంది. ఇంజను నడుస్తూ ఆల్టర్నేటర్ ఛార్జి చేస్తుంటే 14, 14.4 దాకా వెళ్తుంది. పట్టీని 12కు లెక్కవేసి తయారు చేశారు. తెల్ల పట్టీలో ఒక జట్టులోని మూడు దీపాలూ కలిసి తొమ్మిదిన్నర వోల్టులు తీసుకుంటాయి, మిగిలిన రెండున్నర రెసిస్టరు మోస్తుంది. ఇంజను నడిచి 14.4 వస్తే రెసిస్టరు మీద పడేది దాదాపు 5. అంటే కరెంటు ఇంచుమించు రెట్టింపు! ఎర్ర పట్టీలో మూడు దీపాలకు 6 వోల్టులు, రెసిస్టరుకు 6. అది కాస్తా 8.4 అయితే కరెంటు పెరిగేది 40 శాతమే. ట్రాక్టర్లకు ముచ్చటపడి వేసిన తెల్ల పట్టీలు రెండు నెలల్లో ఒక్కో జట్టే మాడిపోతూ పళ్ళూడిన నోరులా తయారవడం మీరు చూసే ఉంటారు. సరుకు నాసి అని దుకాణంవాణ్ణి తిట్టుకుంటాం. సగం తప్పు ఆల్టర్నేటర్‌ది.

దీనికి మేము చేసిన ఉపాయం చవకైనది. రేడియోలు బాగుచేసే దుకాణంలో వన్ ఎన్ 4007 అనే డయోడు రూపాయల్లో దొరుకుతుంది. నల్లగా, మినపగింజ కన్నా కాస్త పొడుగ్గా, ఒక చివర వెండి గీతతో ఉంటుంది. ఒక్కొక్కటి 0.7 వోల్టు మింగేస్తుంది. మూడింటిని రైలుపెట్టెల్లా వరసగా కలిపి, గీత ఉన్న వైపు దీపాల దిక్కు ఉండేలా వెనక లైట్ల వైరులో పెట్టాం. 14.4 కాస్తా 12.3 అయింది. ఎవరన్నా బ్యాటరీ తీగలు తారుమారు చేసినా ఇవి కరెంటును అటు పోనివ్వవు, అదొక లాభం. ఆ డయోడు ఒక ఆంపియరు వరకే మోస్తుంది, మా దీపాలన్నీ కలిపి అందులో మూడో వంతు కూడా లేవు. తొట్టి లోపలి తెల్ల పట్టీకి మాత్రం డయోడ్లు పెట్టలేదు. లోడు ఎత్తేటప్పుడు ఇంజను ఆపే ఉంటుంది కాబట్టి దానికి అందేది ఆ 12.6 వోల్టులే.

ఇక నా రెండో సగం బయటపడిన కథ. మొదటిసారి ట్రక్కు ఇనుము మీద పట్టీని దాని వెనక ఉన్న జిగురుతోనే అంటించాను. ఎండకు కాలే ఇనుము, దాని మీద దుమ్ము. నాలుగో రోజుకు పట్టీ పందిరికి వేలాడే పొట్లకాయలా దిగింది. మళ్ళీ శుభ్రంగా తుడిచి అంటించాను. ఫిబ్రవరిలో అకాల వాన ఒకటి పడింది. పట్టీ ఇంటి సీలింగుకు వాడే రకం, పైన పూత లేదు. నీళ్ళు దిగి రాగి పచ్చబడి ఆరిపోయింది. "ఇదేనట్రా నీ పాలిటెక్నిక్కు!" అన్నాడు మా బావ, అదీ అందరి ముందూ.

అప్పుడు మా తాపీమేస్త్రి పనికొచ్చాడు. గోడ మట్టం చూడటానికి మేస్త్రీలు నీళ్ళు నింపి వాడే పారదర్శకమైన లెవెల్ ట్యూబు ఉంటుంది కదా, అది అడిగి ముక్క కోసుకున్నాం. పట్టీ దూరేంత లావుది తీసుకుని, పట్టీని అందులోకి ఎక్కించి, రెండు కొసలూ సిలికాన్‌తో మూసేశాను. అదీ నెల తిరక్కుండానే పోయింది! విప్పి చూస్తే కొసల దగ్గర రాగి మళ్ళీ పచ్చగా ఉంది. ఈసారి వాన కాదు, నేనే. సిలికాన్‌లో ఒక రకం ఆరేటప్పుడు పుల్లటి వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, అది రాగిని తినేస్తుంది. మూసిన గొట్టంలో దాన్ని నేనే బంధించి పెట్టాను. అద్దాలకు వాడే ఆ రకం కాకుండా న్యూట్రల్ అని రాసి ఉన్న ట్యూబు అడిగి కొనాలి. మూడోసారి దానితో మూశాను. గొట్టాన్ని ట్రక్కు మూలకున్న యాంగిల్ ఇనుము లోపలి మడతలో పెట్టి రెండు చోట్ల క్లిప్పులు బిగించాను, గోడకు గీసుకున్నా ముందు ఇనుమే గీసుకుంటుంది. అది పెట్టాక ఒక వర్షాకాలం గడిచింది. ఇంకా వెలుగుతోంది.

వైర్ల విషయంలో మా ఇంట్లోనే ఒక నిధి దొరికింది. పాత డ్రిప్పు లేటరల్ గొట్టాలు. తోట తీసేశాక చుట్టలు చుట్టలుగా పడేసి ఉన్నాయి. నల్లటి 16 మిల్లీమీటర్ల గొట్టం ఎండకూ వానకూ తట్టుకునేలా చేసిందే కదా. వైరును అందులో నడిపిస్తే ఇనుము అంచుకు రాసుకుని కోసుకుపోవడం ఉండదు, ఎలుకకూ కాస్త పని పెరుగుతుంది. డ్రిప్పరు బెజ్జాలు కిందకు ఉండేలా తిప్పితే లోపల చేరిన నీళ్ళూ కారిపోతాయి. ఈ ఆలోచన మా బావది. నేను పీవీసీ గొట్టం కొందామన్నాను.

ఎర్తు సంగతి కాస్త నిలిచి చెప్పాలి. ట్రాక్టర్ వైరింగులో చాలామంది ఒక్క వైరే లాగుతారు, రెండో దారి బాడీ ఇనుమే అంటారు. ట్రాక్టర్ వరకు అది నడుస్తుంది. ట్రక్కుకు ఆ దారి ఎక్కడ నుంచి వస్తుంది? హుక్కు, పిన్ను. గ్రీజు, మట్టి, తుప్పు. బండి కుదిపినప్పుడల్లా ఆ పిన్ను ఒకసారి ఆనుతుంది, ఒకసారి ఆనదు. దీపాలు మినుకు మినుకు మంటాయి, అందరూ బల్బును అనుమానిస్తారు. అందుకే ఎర్తుకు విడిగా ఒక వైరు ట్రాక్టర్ దాకా లాగండి. పాత బల్బులతో ఇంకో ఇబ్బంది ఉండేది. వెనకవీ, బ్రేకువీ కలిపి 52 వాట్లు, అంటే 4 ఆంపియర్ల పైన. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరులో పోను పది, రాను పది మీటర్లు తిరిగేసరికి ఒకటిన్నర వోల్టు దారిలోనే ఖర్చయిపోయేది. ఎల్‌ఈడీకి కరెంటు తక్కువ కాబట్టి ఆ నష్టం లెక్కలోకి రాదు.

వీటన్నిటి కన్నా నేను పట్టుబట్టి పెట్టించింది ఫ్యూజు. బ్యాటరీకి జానెడు దూరంలో, 3 ఆంపియర్లది. "ఇంత చిన్న దీపాలకు ఫ్యూజెందుకురా" అన్నాడు బావ. దీపాలు చిన్నవే, బ్యాటరీ చిన్నది కాదు. స్టార్టరును తిప్పడానికి అది వందల ఆంపియర్లు ఇవ్వగలదు. వైరు ఎక్కడో ఒరుసుకుని ఇనుముకు తగిలితే అదంతా ఆ సన్నటి వైరులో పారుతుంది, వైరు కాలి నిప్పు అంటుకుంటుంది. పైన ఉన్నది ఎండుగడ్డి, లేకపోతే పత్తి. దీపం పెట్టకపోవడం కంటే ఫ్యూజు లేని దీపం పెట్టడం ఇంకా చెడ్డదని నా అభిప్రాయం.

ట్రాక్టర్‌కూ ట్రక్కుకూ మధ్య తగిలించి తీసేయడానికి ఏడు పిన్నుల ప్లగ్గు వాడాం. చాలా ట్రాక్టర్లకు వెనక ఆ సాకెట్టు ఉండనే ఉంటుంది, బురద పట్టి ఉంటుంది కాబట్టి ఎవరూ మూత తీసి చూడరు. ఐఎస్‌ఓ 1724 అనే అంతర్జాతీయ పద్ధతిలో పసుపు వైరు ఎడమ ఇండికేటరుకు, ఆకుపచ్చ కుడికి, ఎరుపు బ్రేకుకు, తెలుపు ఎర్తుకు, నలుపూ గోధుమరంగూ వెనక దీపాలకు. కాకపోతే మధ్యలో ఎంతమంది మెకానిక్కుల చేతులు పడ్డాయో తెలియదు కదా. రంగును నమ్మకండి, టెస్టు బల్బు పెట్టి ఒక్కొక్కటీ చూసుకోండి.

ఆ మధ్య వైరును ఎంత పొడవు వదలాలన్నది మాకు ఇంకో దెబ్బతో తెలిసింది. ఒకరోజు గ్రావెల్ లోడు తెచ్చి, బావ జాకీ ఎత్తాడు. తొట్టి లేచింది, చట్రం కింద ఉండిపోయింది, వైరు రెండింటికీ కలిపి కట్టి ఉంది. టప్పున తెగింది. అప్పటి నుంచి తొట్టి మడత పడే చోట ఒక మూరెడు వైరు వదులుగా చుట్టి ఉంచుతున్నాం. హుక్కు దగ్గర కూడా అంతే, బండి పూర్తిగా మలుపు తిరిగినా బిగుసుకోకూడదు, తిన్నగా ఉన్నప్పుడు నేలకు వేలాడకూడదు. పాత సైకిలు ట్యూబు ముక్కతో పైకి కట్టాం, సాగుతుంది, మళ్ళీ ముడుచుకుంటుంది.

దీపం ఎక్కడ పెట్టాలి అన్నది ఎలా పెట్టాలి అన్నదాని కంటే ముఖ్యం. చాలామంది వెనక తలుపు మధ్యలో ఒక ఎర్ర దీపం పెట్టి పని అయిపోయిందనుకుంటారు. చీకట్లో ఒక్క ఎర్ర దీపం అంటే వెనకవాడికి అర్థం ఏమిటి? మోటారు సైకిలు. పక్క నుంచి దాటేయొచ్చు అనుకుని వస్తాడు. రెండు మూలల్లో ఎడమ దీపం మాత్రమే వెలుగుతున్నా అంతే, కుడివైపు రోడ్డంతా ఖాళీ అనుకుంటాడు, అక్కడ నాలుగడుగుల ఇనుము ఉంటుంది. అందుకే రెండూ ఉండాలి, రెండూ అంచుల్లోనే ఉండాలి, ఒకటి పోతే ఆ రాత్రి బండి కదలకూడదు.

మూలల్లో ఉన్నా చాలని రోజులుంటాయి. గడ్డి, చెరకు, జనుము లాంటి లోడు వెనక్కి నాలుగైదు అడుగులు వేలాడి దీపాలను కప్పేస్తుంది. ఆ రాత్రి నేను చూసిన గోడ అదే. దానికి మేము ఒక బద్ద తయారు చేశాం. ఐదడుగుల సన్న చెక్క, రెండు కొసలా రెండు ఎర్ర గొట్టాలు, వాటి పక్కన రెండు తయారైన లాంపులు, ఎనిమిది మీటర్ల వైరు, చివర ప్లగ్గు. లోడు కట్టాక దాని వెనక తాళ్ళకు ఈ బద్దను కట్టేస్తే లోడు చివరే ట్రక్కు చివర అవుతుంది. దించాక విప్పి ఇంట్లో పెట్టుకోవచ్చు. ఎవరూ వైరు కోసుకుపోరు. ఒక్కటే పని చేసి ఊరుకుంటాను అనేవాళ్ళకు నేను ఈ బద్దే చేసుకోమంటాను.

రంగుల దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. చుట్టలు కొనగా మిగిలిన డబ్బులతో బావ నీలం పట్టీ ఒకటి కొనుక్కొచ్చాడు. "వెనక డోరు చుట్టూ వేద్దాంరా, పెళ్ళికొడుకులా ఉంటుంది." కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో వచ్చాయి. వాటిలో 108వ నిబంధన ప్రకారం ముందుకు ఎర్ర దీపం చూపకూడదు, వెనక్కి ఎరుపు తప్ప వేరే రంగు చూపకూడదు. ఇండికేటరు పసుపు, నంబరు ప్లేటు తెలుపు లాంటివి మినహాయింపులు. ఇది పోలీసులు పట్టుకుంటారన్న భయంతో చెప్పడం లేదు. వెనక వచ్చేవాడికి ఎరుపంటే బండి నా వైపు వెనుక తిప్పి ఉంది అని, తెలుపంటే నాకు ఎదురొస్తోంది అని చిన్నప్పటి నుంచి అలవాటు. నీలమంటే ఏమిటో వాడు ఆలోచించాలి. ఆలోచించడానికి వాడి దగ్గర సెకనున్నరే ఉంది. ట్రాక్టర్ వెనక రెక్క మీద దుక్కికి వాడే తెల్ల లైటు ఉంటుంది చూడండి, రోడ్డెక్కాక దాన్ని ఆర్పకపోవడం కూడా ఈ తప్పే. అది వెనకవాడి కళ్ళల్లో కొడుతుంది. నీలం పట్టీ చివరకు మా మేనల్లుడి గదిలో గోడకెక్కింది.

రేడియం స్టిక్కరు మాత్రం తప్పకుండా వెయ్యండి. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. పేరు రేడియం అంటాం గానీ అందులో రేడియం ఏమీ లేదు. క్యూరీ దంపతులు 1898లో కనిపెట్టిన ఆ అసలు రేడియాన్ని ఒకప్పుడు గడియారం ముళ్ళకు పూసేవారు, అది చీకట్లో తనంతట తానే మెరిసేది, పూసినవాళ్ళ ప్రాణాల మీదకూ తెచ్చింది. మనం ట్రక్కుకు అంటించేదానిలో ఉన్నవి సన్నని గాజుపూసలో పట్టకాల వరసలో. పడిన వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. బ్యాటరీ దిగిపోయినా, ఫ్యూజు పోయినా అది పనిచేస్తుంది. బురద కప్పేస్తే మాత్రం పనిచెయ్యదు. రోడ్డెక్కే ముందు తడిగుడ్డతో ఒక తుడుపు చాలు.

ఇండికేటర్ల గురించి ఒక మాట. పాత బల్బులు తీసి ఎల్‌ఈడీవి వేస్తే మీ ట్రాక్టర్‌లోని పాత ఫ్లాషర్ తికమకపడొచ్చు. అది బల్బులు లాగే కరెంటుతో వేడెక్కి, చల్లారి, టిక్కు టిక్కుమనే రకం. ఎల్‌ఈడీ లాగే కరెంటు దానికి ఆనదు. అయితే అసలు కొట్టదు, లేకపోతే వేగం తప్పి కొడుతుంది. ఎల్‌ఈడీలకు పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేస్తే సరిపోతుంది.

అన్నీ బిగించాక పరీక్ష ఎలా? వెనక ఎర్ర దీపం 155 మీటర్ల దూరం నుంచి కనపడాలని అవే నిబంధనల్లో ఉంది. మాకు అంత పొడవు టేపు ఎక్కడిది. నా అడుగు ముప్పావు మీటరు, 207 అడుగులు నడిస్తే సరి. ఊరి బయట రోడ్డు మార్జిన్‌లో ట్రక్కు నిలబెట్టి, బద్ద తగిలించి, రాత్రి ఎనిమిదింటికి నేను లెక్కపెడుతూ వెనక్కి నడిచాను. 207 దగ్గర తిరిగి చూస్తే రెండు ఎర్ర గీతలు, మధ్యలో చీకటి. ఆ చీకటి వెడల్పు ఎంతో కంటికి తెలుస్తోంది.

బావకు ఫోను చేసి, "ఇప్పుడు నువ్వొచ్చి ఇక్కడ నిలబడు, నేను ట్రక్కు దగ్గరికి వెళ్తాను" అన్నాను. ఆయన రావడానికి బద్ధకించాడు గానీ వచ్చాడు. నేను వెళ్ళి ప్లగ్గు పీకేశాను. ఒక నిమిషం ఆగి మళ్ళీ పెట్టాను. ఫోనులో ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత, "ఇంకోసారి పీకరా," అన్నాడు.

పీకాను.

"బండి అక్కడే ఉందా?" అన్నాడు.